నాణెము నిష్పక్షపాతియేనా?

ఆటస్థలమున ఎవరు ముందు బ్యాటు పట్టవలెనో తేల్చుకొనుటకు నాణెము ఎగురవేయుట అందరమును ఎరిగినదే. మైపాడు ఇసుకలో క్రికెట్టు ఆడు పిల్లలు మొదలుకొని దేశముల జట్ల వరకు ఈ తీర్పునకు తలయొగ్గుదురు. అదృష్టమునకు తీర్పు విడుచుట ఆటలకే పరిమితము కాదు. ఎన్నికలలో ఇద్దరు అభ్యర్థులకు సరిసమానముగా ఓట్లు వచ్చినచో చీటి వేసి విజేతను నిర్ణయింపవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 65వ సెక్షనులో ఉన్నది. నెల్లూరు తీరమునకు దక్షిణమున ఉన్న పులికాటు సరస్సులో, తమిళనాటి వైపు జాలరి పల్లెలలో, 'పాడు' అను కట్టుబాటు తరతరములుగా వచ్చుచున్నది. రొయ్యలు బాగుగా పడు తావులలో ఎవరి వల ఎప్పుడు దిగవలెనో అక్కడివారు చీటి వేసి వంతులు ఏర్పరచుకొందురు. ఒక కుటుంబపు కూడు ఆ చీటిపై ఆధారపడియుండును.

ఇట్టి తీర్పులన్నిటి వెనుక ఒక నమ్మకము గలదు. చీటి గాని, నాణెము గాని ఎవరి పక్షమును వహింపదని ఆ నమ్మకము. అది నిజమేనా? ఇట్టి సాధనములలో మన జేబులో ఎల్లప్పుడు ఉండునది నాణెము. కావున దానినే పరీక్షకు పెట్టి చూతము. దీనికి యంత్రములు అక్కరలేదు. ఒక నాణెము, ఒక కాగితము, కొంత ఓపిక, ఉన్నత పాఠశాలలో నేర్చిన వర్గమూలము చాలును.

అనుమానము ఎందుకు కలుగవలెను?

ఒక రూపాయి నాణెమును చేతికి తీసికొనుడు. ఒక వైపున అశోకస్తంభపు సింహములున్నవి. ఇది బొమ్మ. రెండవ వైపున విలువ ఉన్నది. ఇది బొరుసు. ముద్రించిన సంవత్సరము క్రింద చిన్న నక్షత్రపు గుర్తు ఉన్నచో అది హైదరాబాదు టంకశాలలో తయారైనదని గ్రహింపవచ్చును. రెండు ముఖములపై ఉబ్బెత్తు గీతలు ఒకే తీరున లేవు. ఒక ముఖమున లోహము కొంచెము ఎక్కువగా పైకి లేచియుండవచ్చును. అట్లయినచో గరిమనాభి సరిగా నడుమ ఉండక, ఒక ముఖమునకు వెంట్రుకవాసి దగ్గరగా జరిగియుండును. ఆ వెంట్రుకవాసి తేడా బొమ్మ బొరుసుల తీర్పును మార్చునా? కంటితో చూచి చెప్పజాలము. ఎగురవేసి లెక్కింపవలసినదే.

ఒక్కొక్క మారు ఎగురవేయుటను ఇకపై 'వేత' యందుము. బొమ్మ పడుటకును, బొరుసు పడుటకును సంభావ్యత చెరి సగమైనచో ఆ నాణెము నిష్పక్షపాతియైనట్లు.

పది వేతలు చాలునా?

ఒక విద్యార్థి పది వేతలు వేసెననుకొందము. ఏడు మార్లు బొమ్మ పడినది. 'ఈ నాణెము బొమ్మవైపు మొగ్గుచున్నది' అని అతడు తీర్పు చెప్పవచ్చునా?

పది వేతలలో బొమ్మలు, బొరుసులు పడగల వరుసలు మొత్తము 1,024. నాణెము నిష్పక్షపాతియైనచో ఈ వరుసలన్నిటికిని సమానమైన అవకాశము గలదు. వీనిలో సరిగా ఐదు బొమ్మలు, ఐదు బొరుసులు ఉన్న వరుసలు 252 మాత్రమే. అనగా ఏ దోషమును లేని నాణెము కూడ నాలుగింట మూడు మార్లకు పైగా 'ఐదు, ఐదు' చూపదు! ఏడో అంతకు మించియో ఒకే ముఖము పడు వరుసలు 352. ఇది మూడవ వంతు కంటె ఎక్కువ. ఎనిమిదికి తగ్గకుండ ఒకే ముఖము పడు వరుసలు 112, అనగా నూటికి 11. తొమ్మిదికి తగ్గకుండ పడు వరుసలు 22, అనగా నూటికి 2.

కావున ఏడు బొమ్మలను సాక్ష్యముగా గొని నాణెమును దోషియనుట తొందరపాటు. నిర్దోషియైన నాణెమే మూడింట ఒక మారు అట్టి లెక్క చూపును. పరీక్షలో అడుగవలసిన ప్రశ్న 'సగము పడినదా?' అని కాదు. 'నిర్దోషియైన నాణెము సగమునుండి ఎంత దూరము తొలగగలదు? ఈ నాణెము అంతకు మించి తొలగినదా?' అని.

వర్గమూలపు కొలబద్ద

ఆ దూరమును కొలుచుటకు సంఖ్యాశాస్త్రము ఒక సులభమైన కొలబద్దను ఇచ్చినది. నిష్పక్షపాతియైన నాణెమును కొన్ని మార్లు ఎగురవేసినప్పుడు, బొమ్మల సంఖ్యకుండు ప్రామాణిక విచలనము వేతల సంఖ్య యొక్క వర్గమూలములో సగము. దీనికి రెట్టింపు దూరములోపల, అనగా సగమునకు అటు ఇటు ఒక్క వర్గమూలపు దూరములోపల, బొమ్మల సంఖ్య నూటికి సుమారు 95 మార్లు ఉండును. కొలబద్ద ఇంతే: వేతలలో సగము తీసికొని, దానికి వేతల వర్గమూలమును ఒక మారు కూడుడు, ఒక మారు తీసివేయుడు. వచ్చిన రెండు సంఖ్యలే హద్దులు.

100 వేతలకు హద్దులు 40, 60. అనగా 40 నుండి 60 శాతము.
400 వేతలకు హద్దులు 180, 220. అనగా 45 నుండి 55 శాతము.
2,500 వేతలకు హద్దులు 1,200, 1,300. అనగా 48 నుండి 52 శాతము.
10,000 వేతలకు హద్దులు 4,900, 5,100. అనగా 49 నుండి 51 శాతము.

ఇందు ఒక విశేషమును గమనింపవలెను. వేతలు పెరిగినకొలది హద్దుల నడుమ సంఖ్యలో ఎడము పెరుగుచున్నది, శాతములో తగ్గుచున్నది. 'చాలా మార్లు వేసినచో బొమ్మలు, బొరుసులు సరిసమానమగును' అని పలువురు చెప్పుదురు. అది పొరపాటు. సరిసమానమునకు చేరువగునది నిష్పత్తియే గాని సంఖ్య కాదు. అట్లే ఐదు మార్లు వరుసగా బొమ్మ పడినచో ఆరవ మారు బొరుసు పడితీరునని అనుకొనుట కూడ పొరపాటే. నాణెమునకు జ్ఞాపకశక్తి లేదు.

ఈ కొలబద్దను పూర్వుల లెక్కలకు పట్టించి చూతము. 18వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ లెక్కలో 4,040 వేతలకు 2,048 బొమ్మలు పడినవి. సగమునకు మించినవి 28. వర్గమూలము 63కు పైన. కావున అనుమానము లేదు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కార్ల్ పియర్సన్ లెక్కలో 24,000 వేతలకు 12,012 బొమ్మలు. వర్గమూలము 155 కాగా, తేడా 12 మాత్రమే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున డెన్మార్కులో నిర్బంధములో ఉన్న జాన్ కెరిక్ అను గణితజ్ఞుడు పొద్దుపుచ్చుటకు 10,000 వేతలు వేసెను. బొమ్మలు 5,067. వర్గమూలము 100, తేడా 67. మూడు నాణెములును హద్దులోనే ఉన్నవి.

కై-వర్గ పరీక్ష

ఇదే పరీక్షను మరొక రూపమున చేయవచ్చును. దీనిని పైన పేర్కొన్న పియర్సన్ 1900లో ప్రతిపాదించెను. 'కై-వర్గ పరీక్ష' యని దీనికి పేరు. 100 వేతలలో 64 బొమ్మలు, 36 బొరుసులు పడినవనుకొందము. ఆశించిన సంఖ్య ఒక్కొక్కదానికి 50. తేడా 14. దాని వర్గము 196. దానిని 50చే భాగింపగా 3.92. బొరుసులకును అంతే. రెండును కూడగా 7.84. ఈ మొత్తము 3.84ను దాటినచో నాణెమును అనుమానింపవచ్చునని పట్టికలు చెప్పును. మన లెక్క దానిని చాల దాటినది. నిర్దోషియైన నాణెము ఇంతగానో ఇంతకు మించియో తొలగుట వేయింటికి ఏడు మార్లు మాత్రమే జరుగును.

ఇదియు వర్గమూలపు కొలబద్దయు ఒకటేయని విద్యార్థులు సరిచూచుకొనవచ్చును. తేడా 14ను ప్రామాణిక విచలనము 5చే భాగింపగా 2.8. దాని వర్గము 7.84! పాచికవలె ఆరు ముఖములున్న వస్తువులకు మాత్రము కై-వర్గ పరీక్షయే అనుకూలము.

నిర్దోషికి శిక్ష పడు ప్రమాదము

నూటికి 95 మార్లు హద్దులో ఉండుననగా, తక్కిన ఐదు మార్లు హద్దు దాటుననియే అర్థము. దాటినప్పుడు నిర్దోషి దోషిగా కనబడును. నలుబది మంది విద్యార్థులు నలుబది మంచి నాణెములతో తలకు 100 వేతలు వేసిరనుకొందము. వారిలో ఒకరిద్దరికి 40–60 హద్దు దాటిన లెక్క వచ్చుట సహజము. తక్కిన ముప్పది ఎనిమిది మంది లెక్కలను మరచి ఆ ఒకరిద్దరి నాణెములను నిందించుట న్యాయము కాదు. అనుమానము కలిగిన నాణెమును మరల క్రొత్తగా పరీక్షింపవలెను. తొలి పరీక్షలోని వేతలను ఈ రెండవ లెక్కలో చేర్చరాదు.

2002లో యూరో నాణెములు చెలామణిలోకి వచ్చిన క్రొత్తలో ఇట్టి ఉదంతమొకటి జరిగినది. పోలండులో కొందరు విద్యార్థులు బెల్జియము ఒక యూరో నాణెమును బల్లమీద 250 మార్లు గిరగిర త్రిప్పగా 140 మార్లు బొమ్మ పడినది. 56 శాతము! నాణెము పక్షపాతియని వార్తాపత్రికలు కోడై కూసినవి. మన కొలబద్దతో చూతము. సగము 125. వర్గమూలము 15.8. పై హద్దు 140.8. 140 హద్దు అంచున ఉన్నది గాని దాటలేదు. మంచి నాణెము కూడ నూటికి ఆరేడు మార్లు అంత దూరము తొలగగలదు. కావున నాణెము దోషియని తేలలేదు. నిర్దోషియనియు తేలలేదు. మరికొన్ని వేలమార్లు త్రిప్పవలసియుండెనని మాత్రమే తేలినది.

గూడూరు బడినుండి క్రామర్–రావు హద్దు వరకు

'వేల వేతలు వేయనేల? తెలివైన గణితము కనిపెట్టి కొద్ది వేతలతోనే నిజమును పట్టరాదా?' అని ఎవరైన అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానమిచ్చినవారు తెలుగువారే. కలియంపూడి రాధాకృష్ణారావు (సి. ఆర్. రావు) 1920లో, నేడు కర్ణాటకలో ఉన్న హడగలిలో జన్మించిరి. బాల్యమున కొంతకాలము నాటి నెల్లూరు జిల్లాలోని గూడూరులో చదివిరి. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమును, కలకత్తాలో సంఖ్యాశాస్త్రమును అభ్యసించిరి. 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. అదే ఫలితమును స్వీడనుకు చెందిన హెరాల్డ్ క్రామర్ స్వతంత్రముగా కనుగొనుటచే దానికి 'క్రామర్–రావు హద్దు' అని పేరు వచ్చినది.

మన నాణెమునకు అన్వయించినచో దాని సారాంశమిది. ఒక వైపు మొగ్గు చూపని అంచనా పద్ధతి ఏదైనను, దాని విస్తృతి ఒక పరిమితి కంటె తగ్గదు. బొమ్మ సంభావ్యతను బొరుసు సంభావ్యతతో గుణించి, వేతల సంఖ్యచే భాగింపగా వచ్చునదే ఆ పరిమితి. 100 వేతలకు ఇది 0.25ను 100చే భాగింపగా 0.0025. దీని వర్గమూలము 0.05, అనగా 5 శాతము. బొమ్మలను ఊరక లెక్కించినను మనకు వచ్చు ప్రామాణిక విచలనము సరిగా ఇంతే! కావున లెక్కించుటకు మించిన ఉపాయము లేదు. కచ్చితత్వము రెట్టింపు కావలెనన్న నాలుగింతలు, పదింతలు కావలెనన్న నూరింతలు వేతలు వేయవలెను. ఈ హద్దును తెలివి దాటజాలదు, శ్రమయే దాటించును. శ్రీ రావుగారికి 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి లభించినది. ఆ యేడే తమ 102 యేండ్ల వయస్సున వారు దివంగతులైరి.

నాణెమా? చేయియా?

ఇక భౌతికశాస్త్రము చెప్పునది విందము. చేతినుండి ఎగిరిన నాణెము గాలిలో పల్టీలు కొట్టుచుండును. గాలి నిరోధము స్వల్పము గనుక దాని కోణీయ ద్రవ్యవేగము మారదు. ఒక్కొక్క పల్టీలో సగము కాలము బొమ్మ పైకి, సగము కాలము బొరుసు పైకి ఉండును. గరిమనాభి కొంచెము ప్రక్కకు జరిగినను ఈ వేగము మారదు. అందుచే ఎగురవేసి అరచేత పట్టు నాణెమును బరువు మార్చి పక్షపాతిగా చేయుట దాదాపు అసాధ్యము. బల్లమీద త్రిప్పుట వేరు. అక్కడ వేగము తగ్గినకొలది నాణెము అంచుమీద వాలుచుండును. అంచు ఆకారము, ముఖముల బరువు తీర్పులో పాల్గొనును. కావున త్రిప్పిన లెక్కలను ఎగురవేసిన లెక్కలతో కలుపరాదు.

అట్లని ఎగురవేత పూర్తిగా నిష్కళంకము కాదు. పర్సీ డయాకొనిస్, సుసాన్ హోమ్స్, రిచర్డ్ మాంట్‌గొమరీ అను శాస్త్రజ్ఞులు 2007లో ఒక విశ్లేషణ ప్రకటించిరి. మనిషి చేతినుండి ఎగిరిన నాణెము పల్టీలతో పాటు బొంగరమువలె కొంచెము ఊగుచుండును. దీనివలన మొదట పైకి ఉన్న ముఖమే తుదకు పైకి పడు సంభావ్యత సుమారు 51 శాతమని వారి లెక్క. 2023లో 48 మంది కలిసి 3,50,757 వేతలు వేసి దీనిని పరీక్షించిరి. మొదటి ముఖమే పడినవి 50.8 శాతము. సగమునకు మించినవి సుమారు 2,700. మన కొలబద్ద ఇచ్చు హద్దు 592 మాత్రమే! బొమ్మకును బొరుసుకును నడుమ మాత్రము తేడా కనబడలేదు. అనగా అపరాధము నాణెముది కాదు, ఎగురవేయు చేతిది.

ఇంత చిన్న వాలును 100 వేతలలో పట్టజాలము. 0.8 శాతపు తేడా హద్దును తాకుటకే పదిహేను వేలకు పైగా వేతలు కావలెను. కాని దానిని తొలగించు ఉపాయము సులభము. నాణెము ఏ ముఖముతో బొటనవ్రేలిపై ఉన్నదో పిలుచువానికి కనబడకుండ చేసిన చాలును.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చేయింపవచ్చును.

1. వేతల సంఖ్యను ముందే నిశ్చయింపవలెను. మనకు నచ్చిన లెక్క వచ్చినచోట ఆపుట పరీక్ష కాదు.
2. ఒకే నాణెముతో తలకు 100 వేతలు వేసి, 25 మంది లెక్కలు కూడినచో 2,500 వేతలగును. హద్దులు 1,200, 1,300.
3. సగము వేతలు బొమ్మను, సగము వేతలు బొరుసును పైకి ఉంచి మొదలుపెట్టవలెను. చేయి చూపు వాలు దీనితో సరిపడును.
4. నాణెము తలయెత్తు లేచి, బాగుగా పల్టీలు కొట్టవలెను. అరచేతనే పట్టవలెను.
5. ప్రతి వేతను పడిన వరుసలోనే వ్రాయవలెను. క్రింద జారిపడిన వేతను ఏమి చేయవలెనో ముందే నియమము పెట్టుకొనవలెను.

ఎగురవేయకయే ఊహించి వ్రాసిన వరుసను ఉపాధ్యాయులు కొంతవరకు గుర్తుపట్టవచ్చును. ఊహించువాడు ఒకే ముఖమును నాలుగైదు మార్లు వరుసగా వ్రాయుటకు జంకును. నిజమైన 100 వేతలలో ఆరో అంతకు మించియో ఒకే ముఖము వరుసగా వచ్చు అవకాశము నూటికి సుమారు 80.

నాణెముతో ఆగనక్కరలేదు. పండ్రెండు అంచుల 20 రూపాయల నాణెమును బల్లమీద త్రిప్పి చూడవచ్చును. అష్టాచెమ్మ ఆటలో వేయు గవ్వలను పరీక్షింపవచ్చును. ఆ ఆటలో నాలుగు గవ్వలును వెల్లకిల పడినచో చెమ్మ, నాలుగును బోర్లపడినచో అష్ట. గవ్వకు రెండు వైపుల ఆకారము ఒకటి కాదు గనుక చెమ్మకును అష్టకును సమానావకాశము ఉండునని ముందుగా నమ్మరాదు. తీరమున ఏరుకొనిన ఆలిచిప్పలకును ఈ మాటయే వర్తించును. ఏ చిప్ప ఎటు మొగ్గునో విద్యార్థులే లెక్కించి చెప్పవలెను.

పక్షపాతినుండి న్యాయమైన తీర్పు

గవ్వ పక్షపాతియని తేలినచో దానిని పారవేయనక్కరలేదు. జాన్ వాన్ నాయ్‌మన్ 1951లో చెప్పిన ఉపాయమొకటి గలదు. గవ్వను రెండు మార్లు వేయుడు. మొదట వెల్లకిల, తరువాత బోర్ల పడినచో మొదటి పక్షము గెలిచినట్లు. మొదట బోర్ల, తరువాత వెల్లకిల పడినచో రెండవ పక్షము గెలిచినట్లు. రెండు మార్లును ఒకే తీరున పడినచో ఆ జతను విడిచి మరల వేయవలెను. ఒక వేత మరొక వేతపై ప్రభావము చూపనంతవరకు ఈ రెండు వరుసలకును సంభావ్యత సమానము. వెల్లకిల పడు అవకాశము పదింట ఏడు అనుకొందము. మొదటి వరుసకు 0.7 × 0.3 = 0.21. రెండవదానికి 0.3 × 0.7 = 0.21. ఎంత మొగ్గు గవ్వయైనను తీర్పు న్యాయమైనదే యగును.

నాణెమునకు 'నిర్దోషి' యను పత్రము ఏ పరీక్షయు ఇయ్యజాలదు. 2,500 వేతలలో హద్దు దాటనిచో, 'పక్షపాతమేదైన ఉన్నచో అది స్వల్పము, ఒకటి రెండు శాతముల మేర ఉండవచ్చును' అని మాత్రమే చెప్పగలము. ఆటకు అది చాలును. ఒకరి వల దిగు తావును గాని, ఒక ఊరి ప్రతినిధిని గాని నిర్ణయించునప్పుడు, సాధనమును నమ్ముటతో పాటు వేయు పద్ధతిని కూడ అందరి ఎదుట సరిచూచుకొనుట మంచిది. ఎన్ని మార్లు లెక్కించిరో చెప్పకుండ 'ఇది పక్షపాతి', 'ఇది నిష్పక్షపాతి' యని ఎవరైన అన్నప్పుడు, 'ఎన్ని వేతలకు? వర్గమూలమెంత?' అని అడుగుట విద్యార్థులు అలవరచుకొనవలెను.